కోలాటం, డప్పు, డీజే... ఆడించే సంగీతంలో బతుక్కి పనికొచ్చేది ఏమన్నా ఉందా?

కావలి_సరోజ
మా వీధి రామాలయం దగ్గర సాయంత్రాలు కోలాటం నేర్చుకుంటున్నాను. పగలంతా కుట్టుమిషను పని. ఇంట్లో రోజూ వినిపించే మాట ఒకటే, "ఆ గెంతులతో ఏమొస్తుంది? ఆ గంటలో ఇంకో జాకెట్టు కుడితే డబ్బులన్నా వస్తాయి" అని. మా మామగారు చెడ్డవారు కాదు, ఆయన లెక్క ఆయనది. నేనే జవాబు చెప్పలేకపోతున్నాను. ఒళ్ళు తేలికవుతుంది, నిద్ర పడుతుంది అంటే, దానికి వాకింగ్ చాలదా అంటారు. కానీ విషయం అది కాదు. కోలాటంలో చేరాక నేను మనుషులతో మాట్లాడే తీరు మారింది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం వచ్చింది. ఇది ఆ తాళం వల్లే అని నాకు గట్టి నమ్మకం. మీలో ఆడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఉంటే చెప్పండి. ఆడించే సంగీతం మీకు బతకడం గురించి ఏమన్నా నేర్పిందా? భక్తి, పుణ్యం సంగతి కాదు నేనడిగేది.

ఒంగోలు_గిత్త
ఏమీ నేర్పదు. నేర్పాల్సిన పని కూడా లేదు. మీ మామగారు "ఏమొస్తుంది" అని అడిగారు, మీరు "ఇదొస్తుంది" అని చూపించడానికి తిప్పలు పడుతున్నారు. అంటే ఆయన లెక్కలోకి మీరే వెళ్ళిపోయారు. నాకు ఆడాలనిపించింది, ఆడుతున్నాను అనండి. అది చాలు.

కావలి_సరోజ
గిత్త గారూ, మగవాళ్ళు ఆ మాట అనేసి బయటికి వెళ్ళిపోగలరు. నేను అంటే ఆ రాత్రికి అన్నం దిగదు.

నట్టువాంగం_నెల్లూరు
గిత్త గారి మాట సగం ఒప్పుకుంటాను. ఆనందం లేకపోతే ఎవరూ రెండో రోజు రారు. మూలాపేటలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను, తాళాలు పట్టుకుని తకధిమి అంటూ జతులు చెప్పడం నా పని, దాన్నే నట్టువాంగం అంటారు. అందులో చూసింది చెబుతాను.

ప్రతి అడుగూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చేయిస్తాం. మూడో కాలం చూసి తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు, ఎంత వేగమో అని. నిజానికి అక్కడ తాళం వేగం పెరగదు. నేను అదే నడకలో వేస్తుంటాను. ఒక్కో దెబ్బకి పడే అడుగులు రెట్టింపవుతాయి, తర్వాత నాలుగు రెట్లవుతాయి, అంతే. పిల్లలు కంగారుపడి తాళాన్ని కూడా లాక్కుపోతారు. పని ఎక్కువైన రోజు ఇంట్లో మనం చేసేదీ అదే. పనితో పాటు గొంతు, తిండి, నడక అన్నీ పరిగెత్తిస్తాం. లోపలి తాళం నిలబెట్టుకుని ఎక్కువ పని చెయ్యొచ్చని నాకు తెలిసింది పాఠం చెప్పేటప్పుడే.

అసలు కష్టం మొదటి కాలంలో. రెండు దెబ్బల మధ్య చాలా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని భరించలేక పిల్లలు ముందే కాలు వేసేస్తారు. ఆగడం నేర్పడానికి నెలలు పడుతుంది. సరోజ గారు తనలో చూసుకున్న మార్పు ఇదే అనుకుంటున్నాను.

ఇంకొకటి. వేదిక మీద అడుగు తప్పితే పోయిన అడుగు కోసం వెనక్కి పోకూడదు. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలు తిరిగాక సమం, అంటే తాళం మొదటి దెబ్బ, మళ్ళీ వస్తుంది. అందాకా చెయ్యి నిలుపుకుని, ముఖం చెదరకుండా ఉండి, సరిగ్గా దాని మీద దిగాలి. తప్పిందని మృదంగం ఆయనకి తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. ఇద్దరం ఆ దెబ్బ కాస్త గట్టిగా వేసి దారి చూపిస్తాం. తప్పిన పిల్లని వదిలేసి వెళ్ళిపోతే అది నట్టువాంగం కాదు.

కావలి_సరోజ
చివరి రెండు మాటలు మా ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.

అల్లూరు_లలిత
సరోజా, మీ వాళ్ళకి జడ కోలాటం మొదలెట్టారా? మొదలెడితే నువ్వడిగిన దానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పైన కట్టిన తాళ్ళు తలా ఒకటి పట్టుకుని, ఒకరి వెనక నుంచి ఒకరి ముందు నుంచి తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. చూసేవాళ్ళు ఫోటోలు తీసేది అప్పుడే. మా గురువుగారు మాత్రం అల్లడం ఎవరైనా అల్లుతారు, విప్పడం చూపించండి అంటారు. విప్పాలంటే వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. అందరూ తిరగాలి. మధ్యలో ఒక మనిషి తప్పుగా దూరితే ముడి పడుతుంది. ఆ ముడిని ఆమె ఒక్కతే విప్పుకోలేదు, మిగతా వాళ్ళు కూడా తమ అడుగులు వెనక్కి వేస్తేనే అది వదులుతుంది.

మా అన్నదమ్ముల పొలం గొడవ పెద్దల్లో పెట్టినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ముడి వేసింది ఎవరని అడుగుతూ కూర్చుంటే ఏళ్ళు గడిచాయి. ఎవరు ఎన్ని అడుగులు వెనక్కి వెయ్యగలరని అడిగిన రోజు మాటలు నడిచాయి.

ఒంగోలు_గిత్త
పొలం గొడవ కోలాటంతో తీరిందంటే రెవెన్యూ ఆఫీసుల ముందు అందరికీ కర్రలు పంచాల్సిందే!

అల్లూరు_లలిత
పంచు తమ్ముడూ, మొదటి జత నేనే కొనిపెడతా.

పొదిలి_డప్పు
మీరందరూ ఆడేవాళ్ళ వైపు నుంచి చెబుతున్నారు. కొట్టేవాళ్ళ వైపు నుంచి నేను చెబుతాను.

మా తాత, మా నాన్న, నేను డప్పు కొట్టేవాళ్ళం. కుడి చేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల అనే సన్నటి పుల్ల. చెక్క చట్రానికి బిగించిన తోలు అది. గాలిలో చెమ్మ ఉంటే వదులైపోతుంది, మోగదు. అందుకే ప్రతిసారీ కొట్టేముందు మంట దగ్గర కాస్తాం. ఎక్కువ కాస్తే చిట్లుతుంది, తక్కువైతే పలకదు. ఎప్పుడు చాలో వేళ్ళతో తట్టి చూస్తే తెలుస్తుంది. ఎవరూ మాటల్లో చెప్పలేరు.

పెళ్ళికి ఒక దెబ్బ, జాతరకి ఒక దెబ్బ, శవం ముందు ఇంకొకటి. అవే చేతులు, అదే డప్పు. పొద్దున ఒక ముసలాయన్ని సాగనంపి, సాయంత్రం ఇంకో ఇంట్లో పెళ్ళికొడుకుని ఊరేగించిన రోజులున్నాయి. ఒక ఇంటి దుఃఖాన్ని ఇంకో ఇంటి గుమ్మం దాకా మోసుకెళ్ళకూడదని మా నాన్న చెప్పేవాడు. శవం ముందు కూడా జనం ఆడతారు, చూసే ఉంటారు. ఏడవలేని మగవాళ్ళు అక్కడ ఆడతారు. ఆ చెమటలో కన్నీళ్ళు కూడా ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఆ దెబ్బని మధ్యలో ఆపను.

ఇక బతకడం గురించి అడిగారు గదా. ఊరంతా మా దెబ్బకి ఆడింది. ఆట అయిపోయాక మాకు అన్నం దూరంగా, విడిగా పెట్టారు. డప్పు మోత కావాలి, కొట్టిన మనిషి పక్కన కూర్చోకూడదు. సంగీతం మనుషుల్ని కలుపుతుందని ఎవరైనా రాసేముందు ఈ మాట కూడా రాయాలి. ఆ అరగంట కలుపుతుంది. మిగతా రోజంతా కలపాల్సింది మనుషులే.

నట్టువాంగం_నెల్లూరు
అన్నా, మీరు చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. మా నాట్యం వేదికలెక్కింది, సర్టిఫికెట్లు తెచ్చుకుంది. మీ వాద్యాన్ని మాత్రం మాలాంటి వాళ్ళు చాలాకాలం గుడి బయటే నిలబెట్టారు. లయ తెలిసినవాళ్ళకి ఇది ముందు తెలియాల్సింది.

ఉదయగిరి_రఫీ
పొదిలి అన్న చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా తమ్ముడికి పుట్టుకతో వినపడదు. పీర్ల పండక్కి గుండం చుట్టూ అందరం ఆడతాం, మతం లేదు కులం లేదు, వీధంతా వస్తుంది. చిన్నప్పుడు వాడు అమ్మ కొంగు పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. ఒకసారి డప్పులవాళ్ళకి బాగా దగ్గరికి వెళ్ళాడు. కొడుతున్న ఆయన వాడి చెయ్యి తీసుకుని చట్రం మీద పెట్టాడు. ఆ ఏడాది నుంచి వాడు ఆడతాడు. ఛాతీలో, అరికాళ్ళలో తెలుస్తుందని సైగ చేసి చెబుతాడు. నిజం చెప్పాలంటే అడుగు మా అందరికంటే కచ్చితంగా పడుతుంది, ఎందుకంటే వాడు పాట మాటల వెంట పడడు, ఒక్క దెబ్బనే పట్టుకుంటాడు. వినపడకపోతే ఇంకేం సంగీతం అని మేము ముందే తీర్మానించేసుకున్నాం. ఆ పెద్దాయన అట్టా అనుకోలేదు.

పొదిలి_డప్పు
చట్రం మీద చెయ్యి పెట్టించే పద్ధతి మాది కూడా. పిల్లలకి మొదటి పాఠం అదే.

బుచ్చి_బీట్స్
నాది బుచ్చిరెడ్డిపాళెం, ఉద్యోగం బెంగళూరులో. పొదిలి అన్న చెప్పిన "విడిగా కూర్చోబెట్టడం" చదివాక దూరదేశం సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

నేను వినేది హౌస్ మ్యూజిక్, క్లబ్బుల్లో ఆడించడానికి మెషీన్ల మీద చేసే సంగీతం. అమెరికాలోని చికాగోలో 1977లో వేర్‌హౌస్ అనే క్లబ్బు మొదలైంది. అక్కడ పాటలు వేసినవాడు ఫ్రాంకీ నకల్స్. వచ్చేవాళ్ళు ఎక్కువగా నల్లజాతి, లాటినో కుర్రాళ్ళు. చాలామంది స్వలింగ ప్రేమికులు. మిగతా చోట్ల తలుపులు వాళ్ళకి మూసి ఉండేవి. రాత్రంతా ఆడుకోవడానికి ఆ ఒక్క చోటు. 1979 జూలైలో అదే ఊళ్ళో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు, ఆ సంగీతం మీద కోపంతో. కొన్నేళ్ళకే అదే ఊరి నుంచి, ఆ క్లబ్బు పేరుతోనే, హౌస్ బయటికొచ్చి ప్రపంచమంతా తిరిగింది.

ఆ కథలోనే ఒక పెట్టె ఉంది, టీబీ-303. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో చేసింది. బేస్ గిటార్ వాయించే మనిషి లేకపోతే ఆ లోటు తీర్చాలని చేశారు. గిటార్‌లా పలకలేదు, అమ్ముడు పోలేదు, కొన్నేళ్ళకే ఆపేశారు. పాత సామాన్లలో చవగ్గా దొరికిన ఆ పెట్టెని చికాగో కుర్రాళ్ళు కొని, మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పి, 1987కల్లా యాసిడ్ హౌస్ అనే కొత్త ధ్వనిని పుట్టించారు. అంతకు అయిదేళ్ళ ముందే, 1982లో, ముంబైలో సినిమా పాటలకి వాయించే చరణ్‌జీత్ సింగ్ ఆ పెట్టె మీద హిందుస్తానీ రాగాల్ని డిస్కో తాళంలో వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక డెబ్బై దాటిన వయసులో విదేశీ వేదికల మీద వాయించాడు.

మా టీములో ఒక అమ్మాయిని "పనికిరాదు" అని రాసిపెట్టారు. ఆమెకి ఇచ్చిన పని ఆమెది కాదు, అంతే. వేరే పనికి మార్చమని నేను పట్టుబట్టింది ఈ పెట్టె కథ తెలిసే.

ఒంగోలు_గిత్త
బుచ్చీ, కథ బాగుంది. కానీ అది సంగీతం నేర్పలేదు, సంగీతం చరిత్ర నేర్పింది. రెండూ వేరు. సరోజ గారు అడిగింది తాళం గురించి.

బుచ్చి_బీట్స్
ఒప్పుకోను. ఆ శబ్దం విని ఒళ్ళు కదలకపోయి ఉంటే ఆ చరిత్ర వెతికేవాణ్ణే కాదు.

ఆత్మకూరు_మాస్టారు
అందరూ మంచి మాటలే రాస్తున్నారు. నేను రెండో వైపు చెప్పాలి. నిరుడు మా వీధిలో ఒక పెళ్ళికి డీజే పెట్టారు. అర్ధరాత్రి దాటింది, కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. మా ఇంట్లో గుండె ఆపరేషన్ అయిన మనిషి మంచం మీద ఉంది. వెళ్ళి చెబితే "ఒక్క రాత్రే గదా తాతా" అన్నారు. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఎవరికి పట్టింది? ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్పుతుందంటున్నారు గదా, ఆ రాత్రి ఆడినవాళ్ళు నా మాట అసలు విననే లేదు.

చీమకుర్తి_శీను
మాస్టారూ, అది సంగీతం తప్పు కాదు, మందు తప్పు.

ఆత్మకూరు_మాస్టారు
మందు తాగని డీజే అబ్బాయి చేతిలోనే ఉంది నాయనా ఆ మీట.

దర్శి_డీజే
ఆ మీట నా చేతిలో కూడా ఉంటుంది మాస్టారూ, కాబట్టి నేనే మాట్లాడాలి. మీ ఇంటి ముందు జరిగింది తప్పే. నేను పదికి ఆపేస్తాను, ముందే ఒప్పందంలో చెబుతాను. అందువల్ల పోయిన బేరాలున్నాయి. పోనీ.

కానీ డీజే అంటే మోత ఒక్కటే అనుకోవద్దు. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటాం. ఆ చెవిలో రాబోయే పాట, రెండో చెవిలో జనం వింటున్న పాట. ఒకటి నిమిషానికి 118 దెబ్బలు, ఇంకోటి 124 ఉంటే, రెండో దాన్ని మొదటి దాని నడకకి తెచ్చి, దెబ్బ మీద దెబ్బ కూర్చోబెట్టి, అప్పుడు మెల్లగా లోపలికి వదలాలి. ఆడేవాళ్ళకి పాట మారిన సంగతి కాళ్ళకి తెలియకూడదు.

ఇంకోటి, అందరికీ ఇష్టమైన పాట మొదటి గంటలో వెయ్యకూడదు. గోడవారగా కుర్చీల్లో కూర్చున్న పిన్నులు, పెద్దమ్మలు ఉంటారు. వాళ్ళ చేతి వేళ్ళు చూస్తాను. వేళ్ళు కుర్చీ మీద ఆడుతున్నాయంటే ఇంకో రెండు పాటలకి లేస్తారని అర్థం. వాళ్ళు లేచిన తర్వాతే ఆ పాట. అప్పుడు కూడా ముందు కాసేపు బేస్ తీసేస్తాను. ఉత్త పాట నడుస్తుంది, జనం కాళ్ళు ఎత్తి ఆగుతారు. మళ్ళీ బేస్ వచ్చేసరికి చూడాలి ఆ ముఖాలు. మోత పెంచితే వచ్చే ఆనందం కాదది.

నట్టువాంగం_నెల్లూరు
ఆ తీసేసి ఆపడం మా దగ్గరా ఉంది. జతిని ముగించే తీర్మానానికి ముందు మృదంగం ఒక్క క్షణం ఊరుకుంటుంది. చూడండి, మళ్ళీ ఖాళీ దగ్గరికే వచ్చాం.

కందుకూరు_నర్సు
ఖాళీ గురించి నేను కూడా ఒకటి చెప్పాలి, ఇది ప్రాణం సంగతి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నేర్పుతారు గదా, సీపీఆర్. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, పెద్దవాళ్ళకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు. కంగారులో మనిషి లెక్క తప్పుతాడు, మరీ వేగంగా నొక్కేస్తాడు. అందుకే శిక్షణలో ఆ వేగానికి సరిపోయే డాన్సు పాట ఒకటి మనసులో పాడుకోమంటారు. ఆడించే పాటల్లో చాలా ఆ నడకలో ఉంటాయి.

కొత్తవాళ్ళు మర్చిపోయేది ఇంకోటి. నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, అప్పుడే గుండెలోకి రక్తం తిరిగొస్తుంది. పైనే బరువు వేసి ఉంటే ఎంత నొక్కినా లాభం లేదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి కూడా, అలసిన చేతికి లోతు రాదు. మారేటప్పుడు తాళం తెగకూడదు. ఒకసారి క్యాజువాలిటీలో నేను అలసి పక్కకి తప్పుకుంటే, కోలాటం ఆడే మా ఆయమ్మ బయట పెద్దగా లెక్క చెబుతూ నిలబడింది. ఆమె లెక్క వెంటే లోపల మాతో పనిచేసే తమ్ముడు నొక్కాడు. ఆ పేషెంటు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

గిత్త గారూ, ఆనందం కోసమే ఆడండి, కానీ ఆ నడక ఒంట్లో ఉంటే ఎవరికో ఎప్పుడో అవసరం పడుతుంది.

దర్శి తమ్ముడూ, ఫంక్షన్ అయ్యాక చెవుల్లో గుయ్యిమంటుంటే చెవి దెబ్బతింటున్నట్టే. స్పీకర్ పెట్టెల పక్కన పిల్లల్ని నిలబెట్టనివ్వకు.

దర్శి_డీజే
సరే అక్కా. పెట్టెల చుట్టూ తాడు కడతాను ఇకనుంచి.

ఒంగోలు_గిత్త
నర్సు గారూ, మీ ఆయమ్మకి దండం. నా మాట మీద మాత్రం నేనున్నాను. మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ ఎవరూ వాటి కోసం ఆడరు. ఆమె కోలాటంలో చేరింది ఆడాలని. వాటి కోసమే ఆడితే అవి కూడా రావు.

అల్లూరు_లలిత
గిత్త తమ్ముడి మాట నాకు నచ్చింది. నేనెందుకు చేరానో చెబుతాను.

మా ఆయన పోయాక నన్ను కోలాటానికి వద్దన్నారు. వద్దన్నది బయటివాళ్ళు కాదు, మా సొంత వదినలే. బొట్టు లేని మనిషి దేవుడి ముందు కర్రలు కొట్టడమేంది అని. నేను కూడా ఊరుకున్నాను. కానీ కోలాటానికి జతలుండాలి. నేను మానేస్తే నాకు జతగా ఆడే ఆమె కర్ర గాల్లో కొట్టాల్సి వస్తుంది, వరస మొత్తం చెదురుతుంది. ఆమె మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఇంటికొచ్చి, "నువ్వు రాకపోతే నేనెవరి కర్రకి కొట్టాలే" అని అరిచింది. ఓదార్చలేదు, అరిచింది. అంతకు ముందు అందరూ నన్ను ఓదార్చినవాళ్ళే. నా అవసరం ఉందని చెప్పింది ఆమె ఒక్కతే. వెళ్ళాను. వదినలు రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారు.

కావలి_సరోజ
లలితక్కా, మా జట్టులో కూడా అట్టా ఒకామె మానేసింది. రేపు నేనూ వెళ్ళి అరుస్తాను.

అల్లూరు_లలిత
గట్టిగా అరిచెయ్యి.

ఆత్మకూరు_మాస్టారు
లలితమ్మా, నీ వదినలు వచ్చి చూశారా నీ ఆట?

అల్లూరు_లలిత
చిన్న వదిన ఇప్పుడు మా జట్టులోనే ఉంది మాస్టారూ. పెద్దావిడ ఇంకా రాలేదు.

దర్శి_డీజే
పొదిలి అన్నా, మీతో ఒక పని ఉంది. సంక్రాంతి తర్వాత మా చెల్లెలి పెళ్ళి. ఊరేగింపుకి నా పెట్టెలు వద్దనుకుంటున్నాను, మాస్టారి మాట చదివాక ఇంకా గట్టిగా అనుకున్నాను. మీ జట్టు వస్తుందా? నేను కూడా దగ్గరుండి నేర్చుకోవాలి, ఆ దెబ్బని మెషీన్లో ఎంత పెట్టినా రావడం లేదు.

పొదిలి_డప్పు
వస్తాం. డబ్బు మాట తర్వాత. ముందు ఒకటి చెప్పు, భోజనం ఎక్కడ?

దర్శి_డీజే
బంతిలో అన్నా. మా నాన్నకి చెప్పేశాను. మొదటి బంతిలో మీ జట్టు, మీ పక్కన నేను, నా ఎదురుగా మా నాన్న. ఎవరన్నా లేచి వెళ్తే వెళ్ళనీ, వాళ్ళ ఇస్తరాకు ఖాళీగానే ఉంటుంది.

పొదిలి_డప్పు
అయితే ఎనిమిది మందిమి వస్తాం. అప్పటికి ఇంకా మంచు పడుతుంటుంది, తోలు వదులవుతుంది. పందిరికి దూరంగా, గాలి కొట్టని చోట కాచుకోవడానికి మంట వేసే జాగా చూసిపెట్టు. వరిగడ్డి ఒక మోపు చాలు. ఫోన్ నంబరు నాకు విడిగా పంపు, ఇక్కడ పెట్టొద్దు.